గుండెలో లూజు కనెక్షన్

నర్సు కర్టెన్ వెనక్కి వెళ్లిందో లేదో, ఫ్యూజన్న టేబుల్ మీదికి వంగాడు. ఉద్యోగం ఉంటుందా ఊడుతుందా అన్నది ఈ రెండు నిమిషాల్లో తేలిపోవాలి.

ఫ్యాక్టరీలో ముప్పై ఏళ్లుగా ఎలక్ట్రీషియన్. అందుకే ఆ పేరు. యాభై దాటినవాళ్లంతా ఒక రోజంతా గుండె కొట్టుకోవడాన్ని రికార్డు చేసే మిషన్ తగిలించుకు తిరగాలని కొత్త యాజమాన్యం హుకుం. చదివి వినిపించాడు మేనేజరు.

"గుండె సరిగ్గా కొట్టుకోనివాడు ఇంటికే!" అని పైగా ఒక నవ్వు. ఒళ్లు హూనం చేసుకున్నవాడికి దక్కే మర్యాద అదీ!

ఫ్యూజన్న గుండె నెలరోజులుగా, కొట్టుకుంటూ కొట్టుకుంటూ ఉన్నట్టుండి ఒక దెబ్బ మింగేస్తోంది.

"లోపలెక్కడో లూజు కనెక్షనే," అన్నాడు భార్యతో.

"లోకంలో అందరివీ బాగుచేస్తావు, నీది మాత్రం చూసుకోవు," అందావిడ.

టేబుల్ మీద సబ్బుబిళ్లంత మిషన్లు రెండు. పొద్దున్నే విప్పి ఇచ్చినవి. ఒకదాని మీద అతని పేరు, రెండోదాని మీద మేనేజరు పేరు. గోరు ఆనించీ ఆనించకముందే స్టిక్కర్లు ఊడొచ్చాయి. 'ఛీ, జిగురులో కూడా కక్కుర్తే!' అనుకుంటూ అటుదిటు, ఇటుదటు అంటించేశాడు.

మూడోరోజు రిపోర్టులొచ్చాయి. ఫ్యూజన్నకి అప్పుడప్పుడూ ఒక దెబ్బ అటూఇటూ అవుతోందట, చాలామందికి ఉండేదేనట, భయం లేదట. మేనేజరు గుండెలో మాత్రం కరెంటు దారి తప్పింది. పై గదులు కొట్టుకోవడం మాని వణుకుతున్నాయి. వెంటనే మందులు మొదలుపెట్టాలి.

"అది నాది కాదు! కానే కాదు!" అని మేనేజరు గావుకేకలు. వర్క్‌షాపులో ఒకటే నవ్వులు.

ఫ్యూజన్నకి మాత్రం ముద్ద దిగలేదు. లేని జబ్బుకి మందు మింగి మనిషికేమన్నా అయితే? మర్నాడు పనిలోకి వెళ్లకుండా నేరుగా నర్సు దగ్గరికి పోయాడు.

"చెల్లెమ్మా, ఆ పాడు గుండె నాది. స్టిక్కర్లు మార్చింది నేనే. ఉద్యోగం పోతే పోయింది, ఆయనకి ఆ మందులు ఆపించు."

నర్సు కిసుక్కున నవ్వింది. "తెలుసన్నయ్యా, కర్టెన్ సందులోంచి చూశాగా!"

"చూసి కూడా ఊరుకున్నావా?"

"ఊరుకోక? మీకంటే ముందే మేనేజరుగారొచ్చి స్టిక్కర్లు మార్చి పోయారు. ఎలా సరిచెయ్యాలిరా దేవుడా అని నేను తల పట్టుకుంటే, మీరొచ్చి ఎవరి గుండె వాళ్లకి అంటించేశారు!"