తుపాను రోజు సూరి గొంతు

ఆ రోజు భావనపాడులో, మంటలార్పుతూ చనిపోయిన సిబ్బందికి సంస్మరణ సభ జరగాల్సింది. సాయంత్రానికి తుపాను తీరం దాటుతుందని తెలిసి, అగ్నిమాపక అధికారులు పూలదండలు లోపల పెట్టేసి హెచ్చరిక డ్రోన్లను ఎగరేశారు. అమరుల గొంతులను డ్రోన్లకు పెట్టడం అప్పటికే అన్ని ఊళ్లలో మామూలైపోయింది. తెలిసిన గొంతయితే జనం మాట వింటారు.

పైడమ్మ వినలేదు. ఆమె కొడుకు అప్పలసూరి జీడిపప్పు ఫ్యాక్టరీలో మంటలార్పుతూ పోయి రెండేళ్లయింది. వీధిలో డ్రోన్ నుంచి, షెల్టరుకు రమ్మంటూ అతని గొంతు వినబడగానే ఆమె గడపలో కూలబడింది.

"నాను రాను. కొడుకు ఇంటికొస్తే తల్లి ఎల్లిపోద్దేటి?"

"అది ఆయన కాదత్తా," అంది కోడలు తులసి.

"నాకు తెల్దేటే?"

తులసి సంచీ కింద పెట్టి వీధిలోకి వెళ్లి డ్రోన్‌ను పిలిచింది. "అత్త కదలట్లేదు. నువ్వే తీసుకెళ్లు."

డ్రోన్ గుమ్మం దాకా దిగింది. "అమ్మా, నా ఎనకాల రాయే."

పైడమ్మ లేచింది. వానలో దాని వెనకే షెల్టరు దాకా నడిచింది. మెట్ల దగ్గర అది వెనక్కి తిరిగింది.

"మల్లీ ఎక్కడికిరా?"

"ఇంకా జనం ఉన్నారమ్మా."

సూరి కూడా డ్యూటీకి వెళ్లే ప్రతిసారీ అదే చెప్పేవాడు. పైడమ్మ కొంగుతో డ్రోన్ అద్దం మీది నీళ్లు తుడిచింది.

"ఎల్లు నాయనా. రేవు వీధిలో ముసిలోల్లున్నారు. గట్టిగా పిలు."