గేటుకు సీలు

దివాలా తీసిన నోయిడా ఫ్యాక్టరీ గేటుకు సీలు వేయించి, దాని ఆస్తులమ్మి బాకీలు తీర్చడానికి కోర్టు నియమించిన లిక్విడేటర్ రఘునందన్ కారెక్కబోతుంటే హైమావతి అడ్డం వచ్చింది. లోపలి క్యాంటీన్ నడిపేది ఆమే.

"సార్, ఆ పొయ్యిలూ గుండిగలూ నా సొంతం, కంపెనీవి కావు. రేపు ఇక్కడికి దగ్గర్లోనే, వైశాలిలో పెళ్లి వంట ఒప్పుకున్నాను. ఇల్లు గడిచేది ఇక దాంతోనే."

"రసీదులతో క్లెయిమ్ పెట్టండమ్మా. చూసి ఇప్పిస్తాను."

"రేపటికే కావాలి సార్. ఒక్క పొయ్యైనా ఇప్పించండి, మీ కాళ్లు పట్టుకుంటాను."

"కోర్టు ఆర్డరమ్మా, సీలు తియ్యడం నా చేతుల్లో లేదు. పేరు చెప్పండి, రాసుకుంటాను."

చెప్పింది. రఘునందన్ పెన్ను ఆగిపోయింది.

"కంపెనీని మూయించమని కోర్టుకెళ్లింది మీరే కదమ్మా?"

"నా బాకీ ఇప్పించమని వెళ్లాను సార్. మూయించమని లాయరు అర్జీలో రాశారని నాకు తెలీదు."