గడ్డికి నీళ్లు

“లేచి నిలబడు. సరే అను. కూర్చో. అంతే నాన్నా, ఇంకో ముక్క మాట్లాడకు.”

నపీసా పొద్దుటినుంచి తండ్రికి ఇది చెప్పడం నాలుగోసారి. మహ్‌రుప్ చొక్కా గుండీలు పెట్టుకుంటున్నాడు.

సాయంత్రం నమాజు కాగానే స్టేడియం మెట్ల కింద సభ. పద్నాలుగేళ్ల కిందట పెద్ద ఆటల పోటీల కోసం తలాంగ్ రావా ఊరిని లేపేసి కట్టిన స్టేడియం అది. పోటీలు పదిరోజుల్లో ముగిశాయి. జెండాలు దిగాయి. ఇప్పుడు దాన్ని పడగొట్టి, నేలలోకి మూడంతస్తులు తవ్వి, అంగళ్ల భవనం లేపుతారట. ఊరు పోగొట్టుకున్న ఇంటింటికీ అందులో ఒక కొట్టు ఇస్తారట. కాకపోతే పాతూరి వాళ్లంతా ఒప్పుకోవాలి. చేతులెత్తి లెక్కపెట్టే ఆచారం వాళ్లకు లేదు. అందరూ సరే అనేదాకా కూర్చుంటారు. ఒక్కడు కాదన్నా పని సాగదు.

తండ్రి కాదంటాడన్న బెంగ నపీసాకు లేదు. ఆ స్టేడియాన్ని ఆయన తిట్టినంతగా ఎవరూ తిట్టలేదు. తిట్లు మొదలుపెడితే సభ నడిపే అధికారి లేచి వెళ్లిపోతుందేమోనని, అదొక్కటే భయం.

ఆ రోజుల్లో ఇంటి కోసం ఆయన బుల్‌డోజర్ ముందు పడుకున్నాడు. రంబుటాన్ పళ్ల చెట్టును కొట్టనివ్వనని కత్తి పట్టుకున్నాడు. గోరీల వంతు వచ్చినప్పుడు మాత్రం నోరు మెదపలేదు. నగరం నుంచి వచ్చిన కూలీలకు ఏది ఎవరిదో తెలియదు. ఆ ఊళ్లో గోరీల మీద పేర్లుండవు. తల దగ్గరొకటీ కాళ్ల దగ్గరొకటీ, ఆడవాళ్లకు బల్లపరుపు కొయ్యలు, మగవాళ్లకు గుండ్రటి కొయ్యలు. నీ భార్యది ఏదంటే మహ్‌రుప్ వేలు చూపించి పక్కకు తప్పుకున్నాడు. జలేహా పోయి అప్పటికి పదేళ్లు. ఆ చిత్తడి నేలలో ఎముకలు నిలవవు. ఏమీ దొరకని వాళ్లందరికీ ఇచ్చినట్టే పిడికెడు మట్టిని తెల్లగుడ్డలో మూటగట్టి ఇచ్చారు. దాన్ని కొత్త శ్మశానంలో పాతారు.

ఏటా రంజాన్ ముందు నపీసా అక్కడ కలుపు పీకి, గోరీ మీద నీళ్లు పోసి, పూలు చల్లి వస్తుంది. మహ్‌రుప్ అటు ఒక్కసారీ తొంగిచూడలేదు. అడిగితే మోకాళ్లంటాడు.

“రోజూ స్టేడియానికి నడిచే మోకాళ్లు అమ్మ దగ్గరికి నడవవా?” అంటుందామె.

ఆయన పొద్దున్నే సీసాలో నీళ్లు పట్టుకుని పోతాడు. మైదానం ఉత్తరపు మూల, ఇనుపగుండు విసిరే చోటు పక్కన చెప్పులు విడిచి గడ్డిలో కూర్చుంటాడు. లేచేముందు మిగిలిన నీళ్లు అక్కడే పారబోస్తాడు.

“గడ్డికి నీళ్లు పెట్టేందుకు నన్ను పెట్టుకున్నారు పెద్దయ్యా. నా కూడు కొట్టకు” అంటాడు తోటమాలి. మహ్‌రుప్ నవ్వడు.

సభలో అధికారి కాగితం తీసింది. “ఈ స్టేడియం వల్ల మీకు ఒరిగిందేమిటి? దాపరికం లేకుండా చెప్పండి.”

“నా రక్తపోటు తగ్గిందమ్మా” అంది చేపవడలమ్మే మైమునా. “పొద్దున్నే ఆడవాళ్లమంతా ఇక్కడే కదా గంతులేసేది.”

“నువ్వు గంతేస్తే మా ఇంటి రేకులు అదురుతున్నాయి వదినా!” అని వెనకనుంచి ఎవరో అరిచారు.

నవ్వులు. వరదొచ్చినప్పుడు ఈ మెట్ల కిందే వారం పడుకున్నామని ఒకడు. పిల్లలు ఈత నేర్చింది ఇక్కడి కొలనులోనేనని ఇంకొకడు.

“ఇవన్నీ ఒక కొట్టుకు సాటి వస్తాయా?” అన్నాడు పేట పెద్ద హెరిజల్.

తర్వాత ఒక్కొక్కరే సరే అన్నారు. మైమునా కూడా.

“మహ్‌రుప్ బాబాయ్, నీదొక్కటే మిగిలింది. సరేనా?” అన్నాడు హెరిజల్.

ఆయన లేచి నిలబడ్డాడు.

“కాదు.”

కూర్చున్నాడు.

ఒక్కసారిగా గోల లేచింది. “నీకెవరు లంచం తినిపించారు బాబాయ్?” “కట్టొద్దని కత్తి పట్టింది నువ్వే కదయ్యా!”

“కట్టారు. ఉండనివ్వండి” అన్నాడు మహ్‌రుప్. “ఆడవాళ్లు గంతులేస్తున్నారు, వెయ్యనివ్వండి. తవ్వొద్దు. అలిసిపోయాను. బతికుండగా జలేహాను మూడూళ్లు తిప్పాను. ఈ నాలుగో ఊళ్లో ‘ఇక నన్ను కదిలించకు’ అంది.”

“కదిలించారుగా!” నపీసా అరిచింది. “మూటగట్టి మోసుకుపోతుంటే చూస్తూ నిలబడ్డావుగా! అప్పుడు లేని నోరు ఇప్పుడెందుకు? తోపుడుబండి తోసి తోసి నా భుజాలు పడిపోయాయి నాన్నా. ఒక్క కొట్టు. నా బతుక్కి ఒక్క నీడ. అమ్మ ఉంటే నీ మొహం చూసేది కాదు.”

ఆయన ఉత్తరపు మూల వైపు చూశాడు.

దీపాలు వెలిగేదాకా ఇంకా రెండుసార్లు అడిగారు. రెండుసార్లూ అదే మాట. అధికారి కాగితాలు సర్దుకుంది.

మర్నాడు నపీసా ఆయనకు అన్నం పెట్టలేదు. దారిలో మైమునా మొహం తిప్పుకుంది. తోటమాలి కూడా ఆ రోజు హాస్యమాడలేదు.

మహ్‌రుప్ ఉత్తరపు మూలకు వెళ్లి, చెప్పులు విడిచి, గడ్డి మీద సీసా మొత్తం వంచాడు.

గోరీలు తవ్వేరోజు పొద్దున, కూలీలు రాకముందే, జలేహా గోరీ మీది కొయ్యలు పీకి పదడుగుల అవతల వట్టి నేలలో పాతింది ఆ చేతులే.