ఊసరవెల్లి పసుపు

కళ్లం నుంచి పుట్టకు గింజలు మోసే చీమల దారికి ఒక పిల్లకాలువ అడ్డం. దాని మీద పడున్న ఎండు తుమ్మకొమ్మే వంతెన. కొమ్మకు చాలా ఇవతల, మలుపులో ఉన్న కంప మీద ఒక ఊసరవెల్లి కూర్చునేది. అది ఆకుపచ్చగా ఉంటే చీమలు పరుగెత్తేవి. పసుపుగా ఉంటే నెమ్మదిగా నడిచేవి.

ఆ బారులోని ఒక గండుచీమకు ఇది అంతుబట్టలేదు. "ముందు దారి ఖాళీగానే ఉంది కదా, ఈ నత్తనడక దేనికి? రంగులు మార్చేవాళ్లను నమ్మి బాగుపడ్డవాళ్లున్నారా?" అంది.

ఒకరోజు మబ్బు కమ్మింది. పసుపు కనబడినా గండుచీమ లగెత్తింది. దాన్ని చూసి వెనకున్న వంద చీమలూ లగెత్తాయి. అన్నీ ఒక్కసారే కొమ్మ మీద పడేసరికి ఒక్కటీ కదల్లేకపోయింది. తోపులాటలో గింజలన్నీ నీళ్లపాలయ్యాయి. వాన పట్టుకుంది. చీమలు తడిసి ముద్దయ్యాయి.

మర్నాడూ మబ్బే. పసుపు చూసి గండుచీమ గొణుక్కుంటూనే నెమ్మదించింది. వింత! కొమ్మ దగ్గర ఒక్క క్షణం కూడా ఆగాల్సిన పని పడలేదు. ఆఖరి చీమ పుట్ట చేరాకే తొలి చినుకు రాలింది.

వాన వెలవగానే గండుచీమ ఆ కంప ఎక్కింది. దగ్గరికెళ్లి చూస్తే ఊసరవెల్లి ఒక కన్ను కొమ్మ వైపుంది, రెండో కన్ను దారి వైపుంది.

"తాతా, ఊరికే రంగెందుకు మారుస్తావు?"

"నేనెక్కడ మార్చానే పిల్లా? అక్కడ మీరు కిక్కిరిస్తే ఇక్కడ నాకు పసుపొస్తుంది."