ఇంజను ఆపిన పాఠం

ఇంటికో హెలికాప్టరు వచ్చాక, దాన్ని నడిపే లైసెన్సు లేని వంటవాళ్ళను పెళ్ళిళ్ళకు పిలవడం మానేశారు. అందుకే రాజమండ్రి వంటమనిషి వీరవేణి, యాభై రెండో ఏట, గవర్రాజు మేస్టారి దగ్గర శిక్షణలో చేరింది. ఎగరడం వారంలో వచ్చేసింది. ఇంజను ఆగిపోతే క్షేమంగా దిగడమొక్కటే మిగిలింది.

ఆ ఉదయం గోదావరి లంక మీదుగా ఎగురుతుండగా మేస్టారు ఇంజను ఆపేశారు.

"భయపడకండమ్మా. రెక్కలు గాలికి వాటంతటవే తిరుగుతాయి. మీట కిందికి దించి ఉంచండి. సరిగ్గా నేల అందేముందే పైకి లాగాలి."

వీరవేణి భయపడలేదు. మేస్టారే భయపడ్డారు. నేల ఇంకా తాడెత్తు దూరంలో ఉండగానే ఆమె చేతి మీది నుంచి మీటను పైకి గుంజేశారు. రెక్కలు నీరసించాయి. వంటశాలలో గారెలకు చెయ్యి చాపే పెళ్ళివారిని కొట్టినట్టు ఆమె ఆయన చేతి మీద ఒక్కటిచ్చి, మీట దించి, చివరి క్షణంలో పైకి లాగింది. హెలికాప్టరు పుచ్చపాదుల్లో పడి, తోక విరిగి, పక్కకు ఒరిగింది.

మేస్టారు ఒళ్ళంతా ఎర్రగా ఉండటం చూసుకుని, "పోయానమ్మా!" అన్నారు.

ఆమె వేలితో ఆ ఎరుపు తీసి నాకింది. "పుచ్చకాయండీ, మేస్టారూ."

ఆయన చెయ్యి మాత్రం నిజంగానే విరిగింది. మర్నాడు ఆసుపత్రికి ఆమె ఉప్మా పట్టుకెళ్ళింది.

"మళ్ళీ ఎప్పుడు ఆపుదామండీ ఇంజను?"

మేస్టారు తల దించుకున్నారు. "తప్పు నాదేనమ్మా. ఈసారి చేతులు కట్టుకు కూర్చుంటాను."

"ఒకటి డాక్టరుగారు కట్టేశారు కదండీ," అంది వీరవేణి. "రెండోది నేను కడతాను."