సారు వాటా

"మగవన్నీ నావి. అసలు సరుకు అవేగా. ఆడవి నువ్వుంచుకోమ్మా," అన్నారు మా ప్రొఫెసర్, ఎలుకల పంజరాల ముందు నిలబడి, ఆస్తి పంచే పెదనాన్నలా.

ఆ ఎలుకల్లో ఒక జన్యువును పాడుచేసి, అప్పుడేమవుతుందో కనిపెట్టింది నేను. వ్యాసం అచ్చయ్యేసరికి పైన ఆయన పేరొక్కటే ఉంది. అడిగితే, "చివర్లో నీకు థాంక్స్ చెప్పానుగా," అన్నారు. ఆ వ్యాసం పుణ్యమా అని ఇప్పుడు పెద్ద సంస్థకు డైరెక్టరయ్యారు. ఎలుకల్నీ పట్టుకుపోతున్నారు.

"అలాగే సార్," అన్నాను. మగ ఎలుకలు నిగనిగలాడుతున్నాయి. దారిలో ఒక్కటీ చావకూడదని పెట్టెలకు గాలి రంధ్రాలు సరిచూసి, నేనే కారు దాకా మోశాను.

"నీ మనసు వెన్న తల్లీ," అన్నారు.

కొన్ని నెలలకు ఫోను చేశారు. "కొత్త ఆడ ఎలుకల్ని తెచ్చి ఎన్నిసార్లు జతకట్టించినా ఒక్క పిల్ల కూడా పుట్టట్లేదమ్మా. ఇవేమో ముసలివైపోతున్నాయి. నీ దగ్గరెలా ఉంది?"

"పంజరాలు చాలట్లేదు సార్."

"మరి నావాటికేం రోగం?"

"రోగం కాదు సార్. ఆ జీన్ పాడైతే మగవాటిలో వీర్యకణాలు తయారవ్వవు. ఆడవాటికేం కాదు, మామూలు మగవాటితో జతకట్టిస్తే పిల్లలు పుడతాయి, ఆ పాడైన జీన్ కొడుకులకు అందుతుంది. వ్యాసంలో మొదటి వాక్యమే అది."

అవతల గబగబా కాగితాలు తిరగేస్తున్న చప్పుడు.

"మీరు రాసిందే కదా సార్," అన్నాను.