పెంటవ్వ ఇంటిల్లిపాది ఫొటో

బాన్సువాడలో ఫొటో స్టూడియో నడిపే గంగాధర్ చేతిగడియారం తీసి స్కూటర్ డిక్కీలో పెట్టి, కెమెరా పట్టుకున్నాడు. రీల్లో ఇంక ఒక్క ఫొటోయే మిగిలింది.

పొలం గట్టు మీద పెంటవ్వ, ఆమె ఇంటిల్లిపాదీ కలిపి పదకొండు మంది పోలీస్ స్టేషన్‌కి పిలిపించినట్టు బిగుసుకుపోయి నిలబడ్డారు.

"జర నవ్వుండ్రి అవ్వా!"

"ఫొటోల నవ్వితే మంది ఏమనుకుంటరు బిడ్డా? నువ్వు గుంజు," అంది పెంటవ్వ. ఆమె నవ్వకపోతే ఆ ఇంట్లో ఎవరూ నవ్వరు.

"అందరు వస్తలేరు, జర ఎనుకకు పోత," అంటూ గంగాధర్ కెమెరా కంటికి ఆనించుకుని వెనక్కి నడిచాడు. నాలుగో అడుగుకి, నాట్లకు దున్నిన బురదమడిలో వెల్లకిలా పడ్డాడు. కెమెరా మాత్రం చేతుల్లో పైకే ఉంది.

పదకొండు మందీ పగలబడి నవ్వారు. పెంటవ్వకు మిగిలిన రెండు పళ్లూ బయటపడ్డాయి. అప్పుడే కెమెరా క్లిక్‌మంది.

చెంబుతో నీళ్లు పోస్తూ పెంటవ్వ "అయ్యో, అయ్యో" అంటూనే ఉంది. గంగాధర్ డిక్కీలోంచి మడతపెట్టిన అంగీ, ప్యాంటు తీశాడు.

ఆమె చెయ్యి ఆగింది. "గడియారం ముందుగాల్నే తీసినవ్. బట్టలు గూడ తెచ్చుకున్నవ్. ఏంది బిడ్డా గిది?"

"మెల్లగ అవ్వా! రేపు రుద్రూర్ల మీ వియ్యపురాలి ఇంట్ల గూడ పడేదుంది. చెప్పకు."

పెంటవ్వ మళ్లీ చెంబు వంచి నీళ్లు పోసింది.

"గామె నవ్వంగ నేను ఇరవై ఏండ్ల సంది సూడలె. ఒక్కసారి పడితె కాదు బిడ్డా. రెండు జతలు తీస్కపో."